బురదలో సైబీరియా కబుర్లు

దసరా వెళ్ళింది, దీపావళి ఇంకా రాలేదు. ఆశ్వయుజ పౌర్ణమి దాటిన రెండో రోజు. చీకటి విడీ విడనప్పుడు కాకినాడ కుంభాభిషేకం రేవులో దిగితే ముందుగా పలకరించేది వాసన. ఉప్పు, డీజిలు, ఎండుచేప, అడుగున కుళ్ళుతున్న మడ ఆకు, అన్నీ కలిసిన వాసన. పక్షులు ఎక్కడో దూరాన ఈలలుగా మాత్రమే ఉంటాయి.

పడవాయన ముందురోజే ఫోనులో చెప్పాడు. "పోటు పది దాటాకండి. మరీ పెందరాళే వస్తే పడవకి నీళ్ళుండవు, ఆలీసమైతే మీ పిట్టలుండవు. ఆరింటికి రండి." తీరపక్షుల మీద ఇంతకంటే పనికొచ్చే సలహా నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఈ పక్షుల గడియారం సూర్యుడిది కాదు, చంద్రుడిది. సముద్రం రోజుకి రెండుసార్లు పొంగి రెండుసార్లు తీస్తుంది. పోటు సమయం రోజుకి సుమారు 50 నిమిషాల చొప్పున వెనక్కి జరుగుతూ పోతుంది. పౌర్ణమి, అమావాస్యల చుట్టూ పోటు పెద్దది, పాటు కూడా లోతుగా తీస్తుంది. అష్టమి ప్రాంతంలో రెండూ నీరసం. కాకినాడ దగ్గర నిండు పోటు రోజుల్లో కూడా నీటి మట్టంలో తేడా మనిషి ఎత్తు ఉండదు. కానీ ఇక్కడి అడుగు పళ్ళెంలా చదునైనది కాబట్టి ఆ కాస్త తేడాకే కనుచూపు మేర బురద బయటపడుతుంది. బురద బయటపడ్డప్పుడు తినాలి, మునిగినప్పుడు నిద్రపోవాలి. అది అర్ధరాత్రి రెండింటికి బయటపడినా సరే, ఆకలితో ఉన్న ఉల్లంకి అప్పుడు మేతలోనే ఉంటుంది.

మొదట్లో ఇది తెలియక నేను నిండు పాటులో వచ్చేవాణ్ణి. పక్షులు నీటి అంచునే ఉంటాయి, ఆ అంచు కిలోమీటరు అవతల. నడిచి దగ్గరికి పోదామని దిగి మోకాటిలోతు కూరుకుపోయి, ఒక చెప్పు గోదావరి డెల్టాకి సమర్పించుకున్నాను. నేను పది అడుగులు వేస్తే అవి ఇరవై అడుగులు జరిగేవి. పోటు ఎక్కేటప్పుడు కదలకుండా కూర్చుంటే చాలు, నీళ్ళే వాటిని నా దగ్గరికి తోలుకొస్తాయని అర్థమయ్యేసరికి రెండు శీతాకాలాలు గడిచాయి.

పడవ కాలువలోంచి బయటికొచ్చింది. కుడివైపు కోరంగి మడ అడవి నల్లటి గీతలా ఉంది. ఎదురుగా ఎక్కడో హోప్ ఐలాండ్. పేరుకి ఐలాండ్ కానీ, నిజానికి గోదావరి తెచ్చిన ఇసుకని అలలు పక్కకి నెట్టి పేర్చిన తిన్నె అది, పొడవు దాదాపు 16 కిలోమీటర్లు. అది బయటి సముద్రపు దెబ్బని ఆపుతుంది కాబట్టి లోపలి కాకినాడ అఖాతంలో నీరు నెమ్మదిస్తుంది. నెమ్మదించిన నీటిలోంచే సన్నటి ఒండ్రు కిందికి దిగుతుంది. కొండల్లో వాన, నదిలో ఒండ్రు, అఖాతంలో బురద, బురదలో పురుగు, పురుగు కోసం పిట్ట. పైన ఆనకట్టల వెనక ఎంత ఒండ్రు నిలిచిపోతే ఇక్కడి బురదకి అంత కోత.

వెలుగు వచ్చింది. పడవ ముందు బురదమీద గోధుమ, బూడిద రంగు ముద్దలు వందల్లో. "అన్నీ ఉల్లంకులేనండి," అన్నాడు పడవాయన. ఆయన తప్పేం లేదు. మన భాషలో పొడుగు ముక్కున్న చిన్న నీటి పిట్టలన్నిటికీ ఆ ఒక్క పేరే చలామణిలో మిగిలింది. నెల్లూరులో కంపెనీ వైద్యుడిగా పనిచేసిన జెర్డాన్ 1862-64 మధ్య అచ్చయిన తన 'బర్డ్స్ ఆఫ్ ఇండియా'లో ఎన్నో పక్షులకి తెలుగు పేర్లు కూడా రాశాడు. పిట్టలు పట్టేవాళ్ళ నోట అప్పట్లో ఎంత నిఘంటువు ఉండేదో ఆ పుస్తకం తిరగేస్తే తెలుస్తుంది. ఇప్పుడు మాత్రం ఇంగ్లీషు పేర్లే దిక్కు. ఒకటి రెండింటికి నేను సొంత పేర్లు పెట్టుకున్నాను, మీరూ పెట్టుకోవచ్చు.

మేత మేసే తీరుని బట్టి వీటిని రెండు తెగలుగా విడదీస్తే సగం చిక్కు వీడుతుంది. పరిగెత్తి, టక్కున ఆగి, తల వాల్చి చూసి, ఒక్క పోటు పొడిచేవి ప్లోవర్లు. టిబెటన్ శాండ్ ప్లోవరు అలాంటిదే. హిమాలయాల వెనక పీఠభూమి మీద పిల్లల్ని లేపి ఇక్కడికి దిగుతుంది. ముక్కు పొట్టి, కళ్ళు పెద్దవి. కంటితో వేటాడేది కాబట్టి పక్కన తోడు పిట్ట తచ్చాడితే దీనికి చిరాకు, పురుగు అదిరి లోపలికి పోతుందని. అందుకే ప్లోవర్లు ఎడంగా నిలబడతాయి. తల ఎత్తకుండా కుట్టుమిషను సూదిలా టకటకా పొడుచుకుంటూ గుంపుగా నడిచేవి శాండ్‌పైపర్లు. వాటి వేట స్పర్శతో.

ఆ స్పర్శ సంగతి కొంచెం ఆగి చెప్పుకోవాలి. శాండ్‌పైపర్ ముక్కు మనకి పుల్లలా కనిపిస్తుంది గానీ, దాని కొస ఎముకలో సన్నటి గుంటలు కిక్కిరిసి ఉంటాయి. ఒక్కో గుంటలో ఒత్తిడిని పసిగట్టే హెర్బ్‌స్ట్ కణికలు. పురుగు కదిలితే తెలుస్తుంది, అది సరే. కదలని గవ్వ సంగతేమిటి? డచ్చి శాస్త్రవేత్త తునిస్ పియర్స్‌మా, ఆయన సహచరులు 1998లో ప్రచురించిన ప్రయోగం దీనిమీదే. రెడ్ నాట్ అనే పిట్టల ముందు తడి ఇసుక బకెట్లు పెట్టారు. కొన్నింట్లో గవ్వలు దాచారు, కొన్నింట్లో ఉత్త రాళ్ళు. రాయికి వాసన లేదు, కదలిక లేదు. అయినా కనిపెట్టాయి. ముక్కు తడి ఇసుకలో దిగినప్పుడల్లా ఇసుక రేణువుల మధ్య నీటిని నెడుతుంది. ఆ నీటికి దారిలో గట్టి వస్తువు అడ్డొస్తే ఒత్తిడి తీరు మారుతుంది. ఆ తేడాని ముక్కు కొస చదువుతుంది. అంటే తాకకుండానే తడిమి చూడటం. గబ్బిలానికి గాలిలో ప్రతిధ్వని ఎలాగో దీనికి బురదలో ఇది అలాగ.

కనిపెట్టాక పట్టుకోవాలిగా. బురదలో మొత్తం నోరు తెరవడం మనం గట్టి పిండిలో కత్తెర తెరవబోయినట్టే ఉంటుంది. అందుకని పై ముక్కు కొసని మాత్రం విడిగా ఎత్తగలిగేలా వీటి పుర్రెలో ఏర్పాటు ఉంది. మూల బిగించే ఉంటుంది, కొస ఒక్కటీ పటకారులా విచ్చుకుంటుంది. ఇంకా చిన్నవి కొన్ని, మన దగ్గర చూసే డన్లిన్ వంటివి, నాలుక మీది సన్నటి ముళ్ళతో బురదపై జిగురు పొరనే గీరుకుని తింటాయి. సూక్ష్మజీవులూ శైవలాలూ అల్లుకున్న పొర అది, పాల మీద మీగడలాంటిది.

ముక్కు పొడుగులో కూడా లెక్క ఉంది. ఒకే బురద, కానీ మూడు అంగుళాల లోతున ఉన్న పీత ఒకరిది, అర అంగుళం కింది పురుగు ఇంకొకరిది. కర్ల్యూ కొడవలి ముక్కు పీత బొరియ వంపు తిరిగే చోటికి వెళ్తుంది. అందులోనూ ఆడపిట్ట ముక్కు మగదాని కంటే పొడుగు, కాబట్టి మొగుడూ పెళ్ళాలకి కూడా మేత దగ్గర పోటీ తక్కువ. ఈ పద్ధతి మన ఉమ్మడి కుటుంబాలకి తెలిస్తే ఎన్నో గొడవలు తప్పేవి.

ఎనిమిదింటికి నీటి అంచు బాగా దగ్గరికొచ్చింది. గుంపులో ఒక బలిసిన పిట్ట, పావురం కంటే కొంచెం చిన్నది, గవ్వల్ని గుల్లతో సహా మింగేస్తోంది. గ్రేట్ నాట్. ఈశాన్య సైబీరియా కొండలమీద గుడ్లు పెడుతుంది. పళ్ళు లేని ఈ జీవి గుల్లని ఎక్కడ పగలగొడుతుంది? కందనకాయలో. కోడి కూర తినేవాళ్ళకి దాని గట్టిదనం తెలుసు. ఈ పిట్టలో ఆ కండరం తిండిని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. మెత్తటి మేత పెడితే కొద్ది రోజుల్లో కుంచించుకుపోతుందనీ, గుల్లలు పెడితే మళ్ళీ బలుస్తుందనీ రెడ్ నాట్‌ల మీద అల్ట్రాసౌండ్‌తో చూశారు.

ఇంతకంటే విడ్డూరం ప్రయాణానికి ముందు జరుగుతుంది. గ్రేట్ నాట్‌లు ఆస్ట్రేలియా వాయవ్య తీరం నుంచి చైనా వరకు 5,400 కిలోమీటర్లు సముద్రం మీదుగా ఎగురుతాయి. బయల్దేరే ముందూ, దిగిన వెంటనే వాటి శరీరాల్ని పోల్చి ఫిల్ బాట్లీ బృందం 2000లో లెక్కలు రాసింది. కొవ్వు కరిగిందంటే ఆశ్చర్యం లేదు. కండరాలు, పేగులు, కాలేయం, చర్మం కూడా తగ్గాయి. మెదడూ ఊపిరితిత్తులూ తప్ప దాదాపు ప్రతి అవయవం నుంచీ కొంత ఖర్చయింది. దూరప్రయాణానికి వంట సామాను ఇంట్లో వదిలి వెళ్ళేవాళ్ళం మనం. ఇవి దారిలో వంటింటినే పొయ్యిలో పెట్టుకుంటాయి.

వీటి అక్కచెల్లెళ్ళలో రికార్డు మాత్రం బార్-టెయిల్డ్ గాడ్విట్‌ది. 2022 అక్టోబరులో ట్రాన్స్‌మిటర్ కట్టిన ఒక పిల్ల గాడ్విట్ అలాస్కాలో లేచి 11 రోజులు ఎక్కడా వాలకుండా 13,560 కిలోమీటర్లు ఎగిరి టాస్మేనియాలో దిగింది. అది ఆ వేసవిలోనే గుడ్డులోంచి వచ్చిన పిట్ట. వయసు అయిదు నెలలు.

పది కావచ్చింది. బురద మునిగిపోయింది. పిట్టలన్నీ ఒక్కొక్క గుంపుగా లేచి ఇసుక దిబ్బ మీదికి చేరాయి. పోటు విడిది ఇది. అందరూ ఒకే వైపు, గాలికెదురుగా తిరిగి, ఒంటికాలి మీద నిలబడి ముక్కు వీపు ఈకల్లో దూర్చేశారు. పడవాయన ఇంజను ఆపి, లంగరు వేసి, చద్దన్నం డబ్బా తెరిచాడు. ఈ నాలుగు గంటలే నాకు అసలు పని. మేత మీదున్న పిట్ట కుదురుగా నిలబడదు, నిద్రపోయే పిట్ట ఈకలు చూపిస్తుంది.

అంతలో ఎవరో తుపాకీ పేల్చినట్టు దిబ్బంతా లేచింది. పైన పెరెగ్రిన్ డేగ. వెయ్యి పిట్టలు ఒక్క గుడ్డలా మడతపడి, తెల్లటి పొట్ట చూపించి మెరిసి, అటు తిరిగి నల్లబడి మాయమయ్యాయి. ఇంత పెద్ద గుంపు ఒకదానికొకటి తగలకుండా ఎలా తిరుగుతుంది? 1984లో వేన్ పాట్స్ అనే అమెరికన్ డన్లిన్ గుంపుల్ని ఫిల్ము తీసి ఒక్కో ఫ్రేమూ చూశాడు. ప్రయోగశాలలో ఉలికిపాటుకి ఒక డన్లిన్ తీసుకునే సమయం 38 మిల్లీసెకన్లు. గుంపులో మలుపు మాత్రం పిట్ట నుంచి పిట్టకి 15 మిల్లీసెకన్లలో పాకుతోంది. అంటే పక్కదాన్ని చూసి తిరగడం లేదు. దూరం నుంచి వస్తున్న అలని చూసి, అది తన దాకా వచ్చే క్షణానికి సిద్ధంగా ఉంటోంది. సంకీర్తనలో తాళం అందుకునేవాడు పక్కవాడి చెయ్యి పడే వరకూ ఆగడు కదా.

డేగకి ఏమీ దొరకలేదు. పిట్టలు దిగాయి. ఇలా లేచిన ప్రతిసారీ అవి మేసిన మేతలో కొంత గాలికి పోయినట్టే. డేగ వల్ల అయితే సరే, అది దాని బతుకు. కుక్కల్ని వదిలేవాళ్ళూ, ఎగిరే ఫొటో కోసం అరిచేవాళ్ళూ కూడా ఉన్నారు. ఒకప్పుడు ఇంకో పది అడుగులు, ఇంకో పది అడుగులు అంటూ మొత్తం దిబ్బని లేపిన ఘనత నాకూ ఉంది కాబట్టి ఎక్కువ మాట్లాడను.

స్కోప్ బిగించాను. నాకు కావాల్సింది ఒకే ఒక్క జాతి, కర్ల్యూ శాండ్‌పైపర్. వంపుముక్కు ఉల్లంకి అంటాను నేను. బరువు మామూలుగా 60 గ్రాములు, అంటే ఒక కోడిగుడ్డు. ఇది పుట్టేది ఆర్కిటిక్ సముద్రం ఒడ్డున సైబీరియా మంచు మైదానాల్లో, ముఖ్యంగా తైమీర్ ద్వీపకల్పంలో. మన గడియారాల్ని నడిపే 82½ డిగ్రీల రేఖాంశం కాకినాడ పక్కనుంచే పోతుందని బళ్ళో చదువుకున్నాం. ఆ గీత పట్టుకుని నేరుగా ఉత్తరానికి పోతే, హిమాలయాలు దాటి, కజకిస్తాన్ కొస తగిలి, చివరికి యెనిసీ నది సముద్రంలో కలిసే చోటు వస్తుంది. దాని కుడి ఒడ్డున మొదలయ్యేదే తైమీర్. ఇక్కడికీ అక్కడికీ ఆరు వేల కిలోమీటర్లకు పైమాటే.

జూన్‌లో అక్కడ గుడ్లు పెట్టాక మగపిట్ట పని అయిపోతుంది, జులై మొదట్లోనే దక్షిణానికి బయల్దేరుతుంది. నాలుగు గుడ్లు పొదగడం, పిల్లల్ని కాయడం తల్లిదే. రెండు వారాలు దాటేసరికి పిల్లలు ఎగురుతాయి, తల్లీ వెళ్ళిపోతుంది. మన తీరానికి కూడా అదే వరుసలో చేరతాయి. ముందు మగవి, తర్వాత ఆడవి, సెప్టెంబరు, అక్టోబరుల్లో పిల్లలు. దారి చూపేందుకు తల్లిదండ్రులెవరూ లేరు.

మరి దారి ఎలా తెలుసు? సూర్యుడు, నక్షత్రాలు, భూమి అయస్కాంత క్షేత్రం, వీటిని పక్షులు వాడతాయని ప్రయోగాలు చెబుతున్నాయి. కాకపోతే పిల్లకి ఉన్నది దిక్కూ, ఎన్నాళ్ళు ఎగరాలో ఒక అంచనా మాత్రమే. మ్యాపు లేదు. 1950ల్లో పెర్డెక్ అనే డచ్చి శాస్త్రవేత్త వలసపోతున్న 11 వేలకు పైగా గోరింక జాతి స్టార్లింగ్‌లని హాలెండ్‌లో పట్టి, స్విట్జర్లండ్ తీసుకెళ్ళి వదిలాడు. పెద్దవి తప్పు దిద్దుకుని మామూలు శీతాకాలపు చోటికి మళ్ళాయి. పిల్లలు పాత దిక్కునే పట్టుకుని ఫ్రాన్స్ దక్షిణాన, స్పెయిన్‌లో తేలాయి. తొలి ప్రయాణం నమ్మకం మీద, మలి ప్రయాణం అనుభవం మీద నడుస్తుంది.

ఇప్పుడు స్కోపులో పిల్లలెవరో పెద్దలెవరో చూడటం తేలిక. పెద్దవి పెళ్ళినాటి ఇటుక రంగు వదిలేసి బూడిద రంగులోకి వచ్చేశాయి. కొన్నింటి పొట్ట మీద ఎర్ర మరకలు ఇంకా పోలేదు. పిల్లల వీపు మాత్రం చేప పొలుసులా ఉంటుంది, ప్రతి ఈకకీ లేత పసుపు అంచు, కొత్త చీర జరీలా చెక్కుచెదరకుండా. ఎందుకంటే అవన్నీ ఒకేసారి మొలిచిన ఈకలు, ఇంకా అరగలేదు.

నేను పెద్దవీ పిల్లలూ వేరువేరుగా లెక్కపెడుతుంటే పడవాయన చూస్తున్నాడు. "పిల్లల్ని లెక్కెడితే ఏటొస్తాదండి?"

ఎలకల సంగతి తెలుస్తుంది అన్నాను. ఆయన నవ్వాడు. నేను మొదటిసారి చదివినప్పుడు నాకూ నవ్వే వచ్చింది. లెమ్మింగ్ అని ఆర్కిటిక్‌లో తోక పొట్టి ఎలక ఉంది. కొన్నేళ్ళకోసారి, తరచు మూడేళ్ళకి, విపరీతంగా పెరిగి తర్వాత కుప్పకూలుతుంది. లెమ్మింగ్‌లు దండిగా ఉన్న వేసవిలో ధ్రువపు నక్కలకి వేరే తిండి అక్కర్లేదు. అవి కడుపునిండా తిని పిల్లల్ని కంటాయి, పక్షి గూళ్ళ జోలికి పెద్దగా పోవు. మరుసటి వేసవికి నక్కలు ఎక్కువ, ఎలకలు లేవు. అప్పుడు నేలమీద దొరికే ప్రతి గుడ్డూ, ప్రతి పిల్లా వాటి నోట్లోకే. 1987లో రాన్ సమ్మర్స్, లెస్ అండర్‌హిల్ ఇద్దరూ తైమీర్‌లో పుట్టే పెద్దబాతులు, తీరపక్షులలో ఏటా వచ్చే పిల్లల పాళ్ళని లెమ్మింగ్ లెక్కల పక్కన పెట్టి చూశారు. ఎలకలు పెరిగి కూలే తాళమే పిల్లల లెక్కలోనూ వినిపించింది. చెప్పుకోవాల్సిందేమిటంటే, ఆ పక్షుల్ని లెక్కపెట్టింది తైమీర్‌లో కాదు. అవి శీతాకాలం గడిపే దూర దేశాల్లో, దక్షిణాఫ్రికా తీరం దాకా. సైబీరియాలో ఎలకల సంవత్సరం ఎలా నడిచిందో వేల కిలోమీటర్ల అవతలి బురదలో తెలిసింది.

ఒక్క దిబ్బ మీద ఒక్క రోజు లెక్కకి విలువ తక్కువ అని కూడా చెప్పాలి. పిల్లలూ పెద్దలూ ఒకే చోట కలిసి ఉండాలని లేదు. అనుభవం లేని పిల్లల్ని పెద్దవి మంచి మేతనుంచి పక్కకి నెడతాయి. చాలా గుంపుల్లో, చాలా ఏళ్ళపాటు లెక్కిస్తేనే మాట నిలుస్తుంది. అదీగాక, కొన్ని చోట్ల ఆ ఎలకల తాళమే ఇటీవలి దశాబ్దాల్లో తప్పుతోంది, మంచు తీరు మారుతున్న కొద్దీ.

మంచు సంగతి వచ్చింది కాబట్టి ఇంకో కబురు. తైమీర్‌లో పుట్టే రెడ్ నాట్‌ల మీద యాన్ వాన్ గిల్స్ బృందం 2016లో ఒక లెక్క తేల్చింది. 33 ఏళ్ళ ఉపగ్రహ చిత్రాల్లో అక్కడి మంచు ఏటా సుమారు అరరోజు ముందుగా కరుగుతోంది. మంచు ముందే కరిగితే పురుగులు ముందే విజృంభిస్తాయి. పిల్లలు పుట్టేసరికి ఆ పండగ అయిపోతుంది. తిండి చాలక పిల్లలు చిన్నవిగా పెరుగుతాయి, ముక్కు కూడా పొట్టిగా ఉండిపోతుంది. ఆ పొట్టి ముక్కు తైమీర్‌లో ఏ నష్టమూ చేయదు. అవి శీతాకాలానికి చేరే ఆఫ్రికాలోని మారిటేనియా తీరంలో మంచి గవ్వలు లోతున ఉంటాయి, అక్కడ తెలుస్తుంది. ముక్కు అందక సముద్రపు గడ్డి వేళ్ళు తిని బతకాల్సి వచ్చిన పిల్లలే ఎక్కువగా చనిపోతున్నాయి. జబ్బు ధ్రువంలో అంటుకుంది, ప్రాణం ఉష్ణమండలంలో పోయింది. వంపుముక్కు ఉల్లంకికి కూడా ఇదే జరుగుతోందని ఎవరూ తేల్చలేదు. కానీ 2024లో దాన్ని అంతర్జాతీయ ఎర్ర జాబితాలో ఒక మెట్టు దించి, ముప్పున్న జాతుల్లో చేర్చారు. దక్షిణ కొరియాలో 2006లో సేమాంగమ్ దగ్గర 33 కిలోమీటర్ల సముద్రపు గోడ కట్టి అంతులేని బురదని మూసేశాక గ్రేట్ నాట్ ఇంకా కింది మెట్టుకి జారిపోయింది. దారిలో పెద్ద భోజనశాల మూతపడింది మరి.

మధ్యాహ్నం రెండయ్యింది. దిబ్బ అంచున తడి మెరుపు కనిపించగానే ప్లోవర్లు ముందు కదిలాయి, వాటి వెనక అందరూ. నా పుస్తకంలో వంపుముక్కులు నూటికి పైనే పడ్డాయి. అందులో జరీ అంచున్నవి రెండు చేతుల వేళ్ళు దాటలేదు.

ఈ కొద్దిమందీ వచ్చే ఏప్రిల్‌లో పెద్దవాటితో వెళ్ళిపోవు. చాలావరకు తొలి వేసవి ఇక్కడే ఉండిపోతాయి. రోహిణి కార్తెలో కాకినాడ ఎండకి మనుషులే బయటికి రానప్పుడు ఈ బురద మీద నాలుగు బూడిద పిట్టలు కనిపిస్తే, దారి తప్పినవి కావవి, ఇంకా ఇంటికి పోయే వయసు రానివి.

పడవాయన లంగరు లాగి, తాడు చుట్టి, ఇంజను తిప్పబోయి ఆగాడు.

"అయితే అక్కడ ఈయేడు ఎలకలు లేవంటారు."

"ఉండకపోవచ్చు. వచ్చే నెల ఇంకో నాలుగు దిబ్బలు చూస్తే గానీ చెప్పలేను."

"అయితే అష్టమి చూసుకుని రాకండి," అన్నాడు. "నీళ్ళు సరిగా ఎక్కవు, మీ పిట్టలు దిబ్బకి రావు."